ఆ కార్లకు కావలసింది దండం కాదు, పాన

నేనున్న వాట్సాప్ గ్రూపులన్నిట్లోనూ ఈమధ్య ఒకే వీడియో తిరిగింది. చెట్ల మధ్య వరసలు వరసలుగా యాభై, అరవై దశకాల అమెరికన్ కార్లు. ఒకదాని బంపర్‌ని మింగేసిన చెట్టు మాను, ఇంకోదాని స్టీరింగ్‌కి చుట్టుకున్న తీగ, మరోదాని హెడ్‌లైటు గుంతలో పిట్టగూడు. వెనకాల విషాదంగా వయొలిన్. వీడియో తీసినాయన గుళ్ళో ఉన్నట్టు గొంతు తగ్గించి మాట్లాడుతుంటాడు. కింద వందల కొద్దీ వ్యాఖ్యలు. అన్నీ కలిపినా తేలేవి రెండే మాటలు: "అయ్యో, వీటిని ఎవరైనా బాగుచేయిస్తే ఎంత బావుణ్ణు" అని కొందరు, "ఎంత అందంగా ఉన్నాయో, వీటిని ఇలాగే వదిలేయాలి" అని ఇంకొందరు.

ఈ రెండు పక్షాలూ ఒకరినొకరు తిట్టుకుంటున్నాయి గానీ, నాకైతే రెండింటికీ పెద్ద తేడా కనపడదు. దూరంగా నిలబడి దండం పెట్టేవాళ్ళే అందరూ. పాత కార్ల తుక్కు యార్డు అన్నింటికంటే ముందు ఒక దుకాణం. అక్కడికి చేరిన కార్లలో నూటికి తొంభై మళ్ళీ రోడ్డెక్కవు. ఎక్కనక్కర్లేదు కూడా. వాటి తలుపులు, అద్దాలు, గేర్‌బాక్సులు, చివరికి ఒక బోల్టయినా సరే, ఇంకెక్కడో నడుస్తున్న కారుని ఇంకొన్నాళ్ళు నడిపిస్తే చాలు, అవి అక్కడ ఉన్నందుకు అర్థం ఉన్నట్టే. కారుని విప్పి పంచడం అపచారమేమీ కాదు, యార్డు ఉన్నదే అందుకు. ఇదీ నా వాదన. ఇందులో నాకే మింగుడుపడని చోట్లు కొన్ని ఉన్నాయి, అక్కడికీ వస్తాను.

"బాగుచేయించాలి" అనే పక్షం సంగతి ముందు తేల్చేద్దాం, పెద్ద చర్చ అక్కర్లేదు. చాసిస్ మట్టిలో కూరుకుపోయి, నేల రేకు చేత్తో నొక్కితే పెళుసుగా విరిగే స్థితికొచ్చిన సెడాన్‌ని మళ్ళీ నిలబెట్టాలంటే, అదే మోడల్ నడిచే కారు కొనడానికయ్యే డబ్బుకి కొన్ని రెట్లు పెట్టాలి. వీడియో కింద కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళెవరూ ఆ చెక్కు రాయరు. రాసే ఒకళ్ళిద్దరు ఎటూ కప్పు తెరుచుకునే కన్వర్టిబుల్ కోసమే రాస్తారు.

వంపు అద్దం

మా మిత్రుడొకడి దగ్గర 1963 రాంబ్లర్ క్లాసిక్ ఉంది. నాలుగు తలుపుల సెడాన్. పాత కార్ల మేళాలో కూడా ఎవరూ ఆగి చూడని రకం. దాన్ని తయారుచేసిన అమెరికన్ మోటార్స్ 1987లో క్రైస్లర్ చేతికి పోయింది. ఆ కారు వెనక కుడి తలుపు అద్దం పగిలింది. విన్నవాళ్ళంతా "అద్దమేగా, కోయించి పెట్టించుకో" అన్నారు. చాలా పాత కార్లకు ఆ మాట నిజమే. పక్క అద్దాలు పలకలా చదునుగా ఉంటాయి, కాగితం మీద ఆకారం గీసిస్తే అద్దాల షాపువాడు లామినేటెడ్ అద్దం కోసి ఇస్తాడు. 1963 రాంబ్లర్ గొప్పగా చెప్పుకున్న విషయాల్లో ఒకటేమో దాని పక్క అద్దాలు వంపు తిరిగి ఉండడం. మామూలు ధర కార్లలో అప్పటికి అది అరుదు. అలాంటి అద్దాన్ని ఫ్యాక్టరీలో వేడిచేసి వంచి, ఒక్కసారిగా చల్లార్చి గట్టిపరుస్తారు. ఆ తర్వాత దాన్ని కోయబోతే పలుకులు పలుకులుగా రాలిపోతుంది. కాబట్టి దారి ఒక్కటే: ఆ కాలపు ఇంకో రాంబ్లర్‌కి వెనక కుడి తలుపు.

ఇదే అరవైల నాటి ఫోర్డ్ మస్టాంగ్ అయితే ఈ తిప్పలుండవు. అందులో కప్పు వెనక్కి వాలుగా దిగే ఫాస్ట్‌బ్యాక్‌ రకానికి రేకు డొల్ల మొత్తం కొత్తదే తయారుచేసి అమ్ముతున్నారు. 1957 షెవర్లేకి రబ్బరు బీడింగు మొదలు బంపర్ దాకా అన్నీ కొత్తవి దొరుకుతాయి. గిరాకీ ఉన్న కారుకి యార్డుతో పనే లేదు. యార్డు అవసరం ఎవరూ పట్టించుకోని కార్లకే: నాలుగు తలుపుల సెడాన్లకి, స్టేషన్ వ్యాగన్లకి, మూతపడ్డ కంపెనీల బళ్ళకి. ఈ వ్యాసం రాస్తున్నది అసలు వాటి తరఫునే.

మేమిద్దరం వెళ్ళిన ఒక యార్డులో సరిగ్గా అలాంటి రాంబ్లర్ ఉంది. ఎండాకులు కప్పుకుని, నాచు పట్టి, దాదాపు ఆకుపచ్చ కారైపోయింది. నాచు తుడిచి చూస్తే వెనక కుడి అద్దం మీద చిన్న గీత కూడా లేదు. యజమాని మర్యాదస్తుడే. మాతో పాటు నడుచుకుంటూ వచ్చి, "దాన్ని మాత్రం అడక్కండి. ఫోటోలు తీసుకునేవాళ్ళు ముందు దాని దగ్గరికే వెళ్తారు" అన్నాడు. మావాడు పగిలిన తన అద్దాన్నే తెచ్చి అక్కడ దించి పెడతానన్నాడు, కిటికీ దించేసి ఉన్నట్టు కనపడుతుంది, ఫోటోకి లోటేమీ రాదు అన్నాడు. ధర పెంచాడు. లాభం లేకపోయింది. ఆ తర్వాత ఎప్పుడో మళ్ళీ వెళ్తే అద్దం అక్కడే ఉంది, జవాబూ అదే.

దొరికింది ఇంకో యార్డులో. ఆ రాంబ్లర్‌కి రూపం లేదు, కప్పు మీద ఇంకో కారు కూర్చుని ఉంది. తలుపు మాత్రం తెరుచుకుంది. తలుపు లోపలి అట్ట వానకి ఉబ్బిపోయి, పట్టుకుంటే పొరలు పొరలుగా చేతికొచ్చింది. అద్దం తిప్పే పిడి స్క్రూ తుప్పుతో ఏకమైపోయింది. ఇలాంటప్పుడు బలం చూపిస్తే స్క్రూ తల అరిగిపోతుంది, ఇక అంతే. తుప్పు వదిలించే నూనె పోసి, కాసేపు వేరే పని చూసుకుని, మళ్ళీ పోసి, స్క్రూడ్రైవర్ ఆనించి వెనక నుంచి సుత్తితో చిన్న దెబ్బలు వేయాలి. మరల్లో తుప్పు చిట్లిన చప్పుడు చేతికి తెలుస్తుంది. తలుపు లోపల ఎండిన కందిరీగల గూడు, ఎలక చింపి తెచ్చుకున్న సీటు దూది. అద్దం అడుగు అంచుకి ఒక రేకు పట్టీ ఉంటుంది, ఎత్తే మిషను చేతులకున్న రోలర్లు అందులో జరుగుతుంటాయి. అద్దాన్ని సగం దాకా దించి, రోలర్లని పట్టీ చివరికి జరిపి తప్పిస్తే తప్ప అది పైకి రాదు. ఒకడు బయట అద్దం పట్టుకోవాలి, రెండోవాడు కంత లోంచి చెయ్యి దూర్చి చూపు ఆనకుండానే పని చేయాలి. లోపలి రేకు అంచు మోచేతిని గీరుతూనే ఉంటుంది. అద్దం బయటికొచ్చాక మావాడు దాన్ని తన చొక్కాతో తుడిచి, మూలనున్న తయారీ ముద్ర చదివాడు. డబ్బు తీసుకుంటూ ఆ యజమాని, "ఎత్తే మిషను కూడా విప్పుకుపోండి, మీదానికంటే పళ్ళు బాగుంటాయి" అన్నాడు. బాగానే ఉన్నాయి.

ఆ రెండు యార్డుల్లో ఏది పాత కార్లని కాపాడుతోందని అడిగితే, వీడియో చూసినవాళ్ళంతా మొదటిదే అంటారు.

టిక్కెట్టు వాదన

అయితే టిక్కెట్టు పెట్టే యజమానిని తీసిపారేయడం అంత తేలిక కాదు. అమెరికాలో జార్జియా రాష్ట్రంలో వైట్ అనే చిన్న ఊరి దగ్గర ఓల్డ్ కార్ సిటీ ఉంది. 1931లో ఒక కుటుంబం పెట్టుకున్న దుకాణంగా మొదలై, తర్వాత విడిభాగాల వ్యాపారంగా మారి, ఆ తర్వాత 34 ఎకరాల అడవిలో 4,000కి పైగా కార్లతో టిక్కెట్టు కొని చూసే చోటయింది. కెమెరాతో వెళ్తే టిక్కెట్టు ఎక్కువగా ఉండేది. ఫోటోలు తీసేవాళ్ళకి అది స్వర్గమే. పైన్ చెట్ల నీడ, రాలిన సూదుల్లాంటి ఆకుల పరుపు, క్రోమ్ మీద పడే వాలు వెలుగు. అలాంటి ఫోటోలు చూసి నేనూ ఆగిపోయిన సందర్భాలున్నాయి, కాదనను.

కాకపోతే ఆ పైన్ సూదులే ఆ కార్లకి యముడు. అద్దం కింద, బానెట్ మొదట్లో గాలి లోపలికి వెళ్ళే జాలీ ఉంటుంది. సూదులు అక్కడ చేరి నీళ్ళు పోయే కంతల్ని మూసేస్తాయి. నిలిచిన నీరు లోపలి నుంచి దిగి నేల రేకుని తినేస్తుంది. పైనుంచి చూస్తే రంగు కూడా పోని కారు, కింద నేలే లేని కారు అవుతుంది. ఎడారి యార్డుల్లో దీనికి తలకిందులు: రేకు గట్టిగా ఉంటుంది, ఎండకి డాష్‌బోర్డు పగిలి, సీట్లు పొడైపోయి, రబ్బరు అన్నది మిగలదు. ఎక్కడైనా సరే, "ఇలాగే వదిలేయడం" అన్నది జరిగే పని కాదు. కారు ఏ రోజుకారోజు తగ్గిపోతూనే ఉంటుంది. వదిలేసినవాడు కాపాడినట్టు కాదు, నిదానంగా తుక్కు చేసినట్టు.

దీనికి యజమానుల దగ్గర మంచి జవాబే ఉంది. 2008 మధ్యలో ఇనుప తుక్కు ధర ఆకాశానికి అంటింది. ఆ ఊపులో ఎన్నో పాత యార్డులు ఉన్న సరుకంతా కార్లని నలిపి ముద్దచేసే క్రషర్‌కి పంపేశాయి. విడిభాగం కోసం వచ్చే మనిషి ఎప్పుడో గాని రాడు, క్రషర్‌వాడు టన్ను లెక్కన ఇవాళే డబ్బిస్తాడు. అలాంటి రోజు టిక్కెట్టు డబ్బు ఆదుకుంటే కార్లు ఉంటాయి, లేకపోతే లేవు. ఇది నేను కొట్టిపారేయలేను. ఎండుతున్న కారులోంచి రేపైనా ఒక అద్దం వస్తుంది, నలిగిన కారులోంచి ఏమీ రాదు. నా పేచీ టిక్కెట్టుతో కాదు. టిక్కెట్టూ పెట్టుకో, పానా పెట్టనీ అంటాను. దారి పక్కన కనపడే వరసని ఫోటోలకి ఉంచుకుని, వెనక వరసలని విప్పనిస్తే పోయేదేముంది? ఒకే మోడల్ కార్లు పక్కపక్కన అరడజను ఉన్న యార్డుల్లో కూడా "అమ్మం" అనే బోర్డు చూశాను. అక్కడ నాకు ఓపిక పోతుంది.

అడవిలో సైనికుల కార్లు

ఐరోపాలో ఈ మోజు ఇంకా ముదిరింది. బెల్జియంలో షతియాన్ అనే పల్లె దగ్గర అడవిలో తుప్పు పట్టిన కార్ల వరస ఫోటో మీరూ చూసే ఉంటారు, ట్రాఫిక్ జామ్ అలాగే నిలిచిపోయినట్టు ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధమయ్యాక అమెరికన్ సైనికులు ఇంటికెళ్తూ కార్లు ఓడలో తీసుకెళ్ళలేక అక్కడ వదిలేశారని దాని కింద కథ. ఆ కార్లలో చాలావరకు యుద్ధం ముగిసిన చాలా ఏళ్ళకి తయారైనవి. మోడల్ చూసిన ఎవడికైనా ఆ సంగతి తెలుస్తుంది. ఉత్త తుక్కు గుట్ట అంటే ఎవరూ పంచుకోరు కాబట్టి సైనికులు వచ్చారు. స్వీడన్‌లో నార్వే సరిహద్దు దగ్గర బోస్ట్‌నెస్ అని ఇంకోటుంది. దానికీ సైనికుల కథ అంటించారు. నిజానికది ఇద్దరు అన్నదమ్ములు నార్వే నుంచి వచ్చే కార్లు విప్పి విడిభాగాలు అమ్ముకున్న యార్డు. నన్నడిగితే అసలు కథే బాగుంది. అడవి నడుమ ఇద్దరు మనుషులు కూర్చుని సరిహద్దు అవతలి కార్ల కోసం గేర్‌బాక్సులు విప్పడం, లేని సైనికుడి వీడ్కోలు కంటే నాకు రుచిగా అనిపిస్తుంది. పని చేసిన వాళ్ళని తీసేసి, అక్కడ దయ్యాలని నిలబెట్టడం ఏం మర్యాద?

షతియాన్ కార్లని 2010లో తీసేశారు. అంతకు ముందే 2009లో స్విట్జర్లాండ్‌లో బెర్న్ దగ్గరి కౌఫ్‌డోర్ఫ్‌లో దశాబ్దాలుగా చెట్ల కింద నిలబడ్డ వందలాది కార్లని వేలం వేసి ఖాళీ చేయించారు. అక్కడి అధికారుల బాధ భూమి, నీళ్ళు పాడవుతాయని. కళాకారులు, చరిత్రకారులు వద్దని గొడవ చేశారు. నేను ఎవరి పక్షమంటే కాస్త తటపటాయిస్తాను. ఇంజన్ నూనె, బ్రేక్ నూనె, బ్యాటరీలో సీసం, ఆమ్లం, ఇవన్నీ నేలలోకి దిగే సరుకే, ఆ చెట్ల అందం చూసి ఆగవు. ఐరోపా సంఘం 2000లోనే దీనిమీద చట్టం చేసింది. ఆయుష్షు తీరిన బండిలోంచి ముందు ద్రవాలన్నీ తీసేయాలి, 2015 నాటికి బండి బరువులో 95 శాతం ఏదో ఒక రూపంలో తిరిగి వాడకానికి రావాలి. మంచి నియమమే. దాని మాట వినే యార్డులో కారు రాగానే నూనెలు దించి, బ్యాటరీ తీసి, ఆ తర్వాతే వరసలో పెడతారు. అలా పెట్టిన కారు ఎన్నేళ్ళున్నా నేలకి పెద్ద హాని లేదు. అంటే కారుని విప్పడం నేర్చినవాడే కారుని నిలిపి ఉంచడం కూడా సరిగ్గా చేయగలడు. కౌఫ్‌డోర్ఫ్‌లో వేలం పాడినవాళ్ళు కొందరు విడిభాగాల కోసమే కొనుంటారని నేను అనుకుంటాను, అనుకుని ఊరట పడతాను.

అమ్మకపోబట్టే మిగిలినవి

ఇప్పుడు నా వాదనకి అసలు దెబ్బ ఎక్కడ తగులుతుందో చెప్పాలి. లాస్ ఏంజెలెస్‌లో రూడీ క్లైన్ అనే ఆయన యార్డు ఉండేది. జర్మనీ నుంచి వచ్చినాయన. దెబ్బతిన్న పోర్షెలు, మెర్సిడెస్‌లు కొని విడిభాగాలు అమ్మడం వ్యాపారం. కానీ కొన్ని కార్ల జోలికి మాత్రం పోలేదు, ఎవరినీ పోనివ్వలేదు, చాలామందిని గేటు లోపలికే రానివ్వలేదు. 2001లో ఆయన పోయాక కూడా అవి అలాగే ఉన్నాయి. 2024 అక్టోబరులో వేలానికి వచ్చాయి. అందులో తలుపులు రెక్కల్లా పైకి తెరుచుకునే 1955 మెర్సిడెస్ 300ఎస్ఎల్ గల్‌వింగ్, అల్యూమినియం రేకుతో కేవలం 29 చేసిన వాటిలో ఒకటి, 90 లక్షల డాలర్లు దాటింది. రేసు వీరుడు రుడాల్ఫ్ కరాచోలా కోసం 1935లో మెర్సిడెస్ తయారుచేసిన 500కె కూపే కూడా అక్కడే బయటపడింది.

క్లైన్ నాలాంటివాడి మాట విని "అడిగినవాడికల్లా విప్పి ఇద్దాం" అనుకుని ఉంటే? ఆ కార్లు వాడేసిన పాత బళ్ళుగా చవగ్గా తిరిగిన కాలం ఒకటుంది. అప్పుడు వాటి ఇంజను తీసి ఇంకోదాంట్లో వేసుకోవడం ఎవరికీ తప్పుగా తోచేది కాదు. ఏది ముందుముందు అపురూపమవుతుందో, ఏది ఎప్పటికీ విడిభాగాలిచ్చే దాత కారుగానే ఉంటుందో ఆ రోజు ఎవరికి తెలుసు? దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. సగం జవాబుంది: క్లైన్‌కి తెలుసు. ఏది విప్పాలో ఏది ముట్టకూడదో తేల్చుకునే కన్ను ఆయనకి వచ్చింది వందల కార్లు విప్పడం వల్లే. అన్నింటినీ దాచేవాడికి ఆ కన్ను రాదు, వాడికి గల్‌వింగూ ఒకటే, రాంబ్లరూ ఒకటే.

ఇంకో దెబ్బ కూడా ఉంది. బాగుచేయకుండా, విప్పకుండా ఉన్న కారు ఒక పత్రం లాంటిది. కొన్ని అమెరికన్ కార్లలో సీటు స్ప్రింగుల మధ్యనో, పెట్రోలు ట్యాంకు పైనో ఫ్యాక్టరీ కార్మికులు వదిలేసిన బిల్డ్ షీటు దొరుకుతుంది. ఆ కారుకి ఏ రంగు, ఏ గేర్‌బాక్సు, ఏ ఆక్సిల్ వేయాలో చెప్పే కాగితం. లోపలి రేకు మీద క్రేయాన్‌తో రాసిన అంకెలు ఉంటాయి. తొందరగా విప్పేవాడి కాలి కింద ఇవన్నీ పోతాయి. 1930లలో ఇటలీ, స్విట్జర్లాండ్ సరిహద్దులోని మాజోరే సరస్సులో మునిగిన బుగాటీ బ్రెషియా అనే కారుని 2009లో పైకి తీశారు. మరుసటి ఏడాది వేలంలో అది 2,60,500 యూరోలకి పోయింది. కొన్న ముల్లిన్ మ్యూజియం దాన్ని బాగుచేయించలేదు, ఒక పక్క పూర్తిగా తినేసి ఉన్న కారుని ఉన్నదున్నట్టు ప్రదర్శనలో పెట్టింది. సరైన పనే చేసింది. అలాంటి కారు ఒకటుంటే చాలు, నీళ్ళూ కాలమూ ఇనుముని ఏం చేస్తాయో అందరూ చూసి తెలుసుకోవచ్చు. ఒకే రకం నాలుగు వేల కార్లకి ఆ గౌరవం అక్కర్లేదు. విప్పేముందు ఫోటో తీయండి, సీటు ఎత్తి కాగితం ఉందేమో చూడండి, ఆ తర్వాత పాన తీయండి.

పలక మాత్రం వద్దు

పాన తీసే చోట ఒక హద్దు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. యార్డుల్లో కొందరు వెతికేది విడిభాగాన్ని కాదు, గుర్తింపు నంబరు పలకని. 1969 నుంచి అమెరికాలో ఆ నంబరు ముందద్దం లోంచి కనపడాలి, అంతకు ముందు కార్లకి తలుపు చట్రం మీదో ఇంకెక్కడో చిన్న రేకు ముక్క. పేరున్న మోడల్ పలక ఒకటి దొరికితే, దాని చుట్టూ ఇంకో కారు కట్టేసి "అసలుది" అని అమ్మేవాళ్ళున్నారు. ఆ పలకని కావాలని ఊడదీయడం, మార్చడం అక్కడ ఫెడరల్ నేరం, కొన్ని మినహాయింపులు తప్ప.

2023 ఆగస్టులో కాలి ముద్దయిన 1954 ఫెరారీ 500 మోండియల్ వేలంలో 18,75,000 డాలర్లు పలికింది. ఫోటో చూస్తే కారు ఎటువైపు తిరిగి ఉందో పోల్చుకోవడానికి ఒక నిమిషం పడుతుంది. అది చట్టబద్ధమే, ఎవరినీ మోసగించలేదు. కానీ అక్కడ అమ్ముడుపోయింది లోహం కాదు, నంబరు. రేపు దాని మీద కట్టే కారులో పాతదెంత అని అడిగేవాడు లేకపోతే, తుక్కు యార్డుల్లో పలకల వేట చేసేవాళ్ళని అనడానికి మనకి నోరెక్కడిది? తలుపు ఇంకో తలుపు స్థానంలో వెళ్ళడం వేరు. ఒక కారు ఇంకో కారు పేరు పెట్టుకోవడం వేరు.

క్రషర్ కంటే ఘోరం

యార్డులో విప్పడాన్నే ధ్వంసం అనేవాళ్ళకి అసలు ధ్వంసమంటే ఏమిటో 2009లో అమెరికా చూపించింది. పాత బండి ఇచ్చి కొత్తది కొంటే ప్రభుత్వం డబ్బిచ్చే పథకం అది. దాదాపు 6,77,000 బళ్ళు వచ్చాయి. నియమం ఏమిటంటే ఇంజన్ మళ్ళీ పనికి రాకూడదు. నూనె దించేసి, సోడియం సిలికేట్ ద్రావణం పోసి, ఇంజన్ నడిపి పట్టేసేదాకా ఉంచారు. చక్కగా నడుస్తూ వచ్చిన ఇంజన్లని. మిగతా విడిభాగాలు అమ్ముకోవడానికి 180 రోజులు గడువు, తర్వాత క్రషరో, ముక్కలు చేసే ష్రెడ్డరో. 25 ఏళ్ళు దాటిన కార్లని ఆ పథకంలోకి తీసుకోలేదు కాబట్టి అప్పటి క్లాసిక్‌లు తప్పించుకున్నాయి, ఎనభైల చివర, తొంభైల నాటి కార్లు దొరికిపోయాయి. ఇప్పుడు వాటికి విడిభాగాలు దొరకడం లేదని వాపోతున్నవాళ్ళని చూస్తున్నాను.

"పోతేపోయింది, ఇనుము కరిగి మళ్ళీ కారవుతుంది" అని ఒకాయన నాతో అన్నాడు. అదీ అంత సులువు కాదు. ష్రెడ్డర్‌లో కారుతో పాటు దాని వైర్ల రాగి కూడా ముక్కలవుతుంది, ఆ రాగి ఉక్కులో కలిస్తే మళ్ళీ విడదీయలేరు. రాగి కలిసిన ఉక్కు కారు రేకుకి పనికిరాదు, ఎక్కువగా కాంక్రీటులో వేసే కమ్మీలకి పోతుంది. తలుపు తలుపుగా బతకాలంటే విప్పడం తప్ప దారి లేదు.

మావాడి షెడ్డు

ఇన్నీ చెప్పాక మా రాంబ్లర్ మిత్రుడి సంగతి దాచడం బాగుండదు. అద్దం వ్యవహారం తర్వాత వాడికి జ్ఞానోదయమై, తన కారు కోసం ఇంకో రెండు రాంబ్లర్లు కొని షెడ్డు వెనక పెట్టుకున్నాడు. విప్పి, భాగాలకి చీటీలు కట్టి, బీరువాల్లో సర్దాడు. ఈమధ్య ఎవరో దూరం నుంచి ఫోన్ చేసి వెనక లైటు ఎర్ర గాజు ఒకటి ఇస్తారా అని అడిగాడు. వాడి దగ్గర అవి ఒకటికి నాలుగున్నాయి. "ఉండనీ, రేపు నాకే అవసరం పడొచ్చు" అని ఫోన్ పెట్టేశాడు.

"ఫోటోల యార్డు ముసలాయన్ని నువ్వు తిట్టిన తిట్లు గుర్తున్నాయా?" అన్నాను. వాడు తగ్గలేదు. "ఆయన కారుని దేనికీ వాడట్లేదు, నేను వాడుతున్నాను. పైగా అడిగినవాడి కారు నిజంగా రోడ్డెక్కుతుందని ఏమిటి నమ్మకం? సగం విప్పి షెడ్డులో పడేసేవాళ్ళే ఎక్కువ. యార్డులో ఉంటే కనీసం నలుగురికీ కనపడేది, వాడి షెడ్డులోకి పోతే ఎవరికీ కనపడదు" అన్నాడు.

ఆ చివరి మాట నాకు గుచ్చుకుంది. విడిభాగాలు కొని, ఏనాటికీ బిగించనివాళ్ళు నాకు బోలెడుమంది తెలుసు. యార్డు నుంచి వెళ్ళిన ప్రతి తలుపూ ఏదో ఒక కారుకి చేరుతుందన్నది నా వాదనలో నేను చూపు తిప్పుకున్న మూల. చేరనివి ఎన్నో ఉంటాయి. అయినా నా ఓటు విప్పడానికే, ఎందుకంటే షెడ్డులో ఆరిన తలుపు మళ్ళీ చేతులు మారగలదు, వానలో నానేది మారలేదు.

రెండు మూడు రోజులు వాదించుకున్నాం. చివరికి వాడే తిరిగి ఫోన్ చేసి, నాలుగు చక్రాలూ నేల మీద ఉన్నప్పటి కారు ఫోటో ఒకటి, ఈ ఏడాది రిజిస్ట్రేషన్ కాగితం ఒకటి పంపించమన్నాడు. అవతలాయన అరగంటలో పంపాడు. మావాడు గాజు పంపాడు గానీ, పార్సిల్ ఖర్చు మాత్రం ముందే వేయించుకున్నాడు.